హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు: లెక్క మీరే వేసుకోవడం ఎలా

టికెట్ మీద హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:30కి బయల్దేరి, డల్లాస్‌లో అదే రోజు సాయంత్రం 4:45కి దిగుతారని ఉంటుంది. తీసివేత చేస్తే పన్నెండుంబావు గంటలు. ఇంట్లో పెద్దవాళ్లకి కొందరు అదే మాట చెప్పేస్తారు కూడా. ఆ ప్రయాణం నిజానికి 22 గంటల 45 నిమిషాలు. అదైనా ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి మాత్రమే. విజయవాడలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో కొడుకు ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచేదాకా లెక్కేస్తే 35 గంటలు తేలుతుంది.

ఈ లెక్క ఎవరికివారు వేసుకోవడం కష్టమేమీ కాదు. ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్, ఒక తెల్ల కాగితం చాలు. ఏ రెండు ఊళ్లకైనా పద్ధతి ఇదే. నేను హైదరాబాద్–డల్లాస్ తీసుకున్నది ఎందుకంటే, ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో పిల్లలున్న తెలుగిళ్లకు లెక్కలేదు. పైగా ఈ దారిలో లెక్క తప్పడానికి ఎన్ని కారణాలుండాలో అన్నీ ఉన్నాయి: నాన్‌స్టాప్ విమానం లేదు, మధ్యలో మారాలి, మూడు దేశాల గడియారాలు, ఎండాకాలం ఒక తేడా, చలికాలం ఇంకో తేడా.

ముందు ఎయిర్‌పోర్టు ఏదో ఖాయం చేసుకోండి

డల్లాస్ అని కొడితే రెండు ఎయిర్‌పోర్టులు వస్తాయి. ఒకటి డల్లాస్ ఫోర్ట్‌వర్త్, దాని కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. రెండోది లవ్ ఫీల్డ్, కోడ్ డీఏఎల్. గల్ఫ్ మీదుగా వచ్చినా, లండన్ మీదుగా వచ్చినా దిగేది మొదటి దాంట్లోనే. షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి, అక్కణ్నుంచి చవగ్గా దొరికిందని విడిగా లోకల్ టికెట్ కొన్నవాళ్లు మాత్రం కోడ్ చూసుకోవాలి. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు ఒకచోట, మీరు ఇంకోచోట నిలబడితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. మనవైపు ఆ గొడవ లేదు. 2008 మార్చిలో షంషాబాద్ మొదలయ్యాక బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. హెచ్‌వైడీ అంటే షంషాబాదే.

గాలిదారిన దూరం

రెండు ఊళ్ల మధ్య విమాన దూరం అంటే, భూమి గుండ్రటి ఒంటి మీదుగా వెళ్లే అతి దగ్గరి దారి. గోడకు వేలాడే ప్రపంచపటం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఇది రాదు. ఆ పటం చూస్తే హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దారి పడమరగా అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి వెళ్తున్నట్టు అనిపిస్తుంది. అలా పటం మీద గీతను పట్టుకుని పోతే పదిహేడున్నర వేల కిలోమీటర్లు అవుతుంది. అసలు దగ్గరి దారి అందులో మూడు వేల కిలోమీటర్లు తక్కువ. అది పడమరకి పోదు. షంషాబాద్‌లో లేచి ముక్కుసూటిగా ఉత్తరానికి పోయి, ఉత్తర ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల పక్కగా దాటి, అవతలి వైపు కెనడా మీదుగా కిందికి దిగుతుంది. డల్లాస్ మనకు భూమికి దాదాపు అవతలి వైపు రేఖాంశం మీద ఉంది మరి.

నమ్మకం కుదరకపోతే పిల్లల గ్లోబ్ తీసుకుని ఒక దారం పట్టండి. ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగితే దారం తనంతట తనే జరుగుతూ పోయి ధ్రువం పక్కకు చేరుతుంది. ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి కొలవండి. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబ్ చుట్టుకొలత 94 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే ఒక సెంటీమీటరుకి సుమారు 425 కిలోమీటర్లు. దారం 34 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. గుణిస్తే 14,450. దారంతో వేసిన లెక్కకి ఇంత దగ్గరగా రావడం మాటలు కాదు.

కచ్చితంగా కావాలంటే ఇంటర్ లెక్కల్లో చదివిన సైన్, కాస్ పట్టుకోవాలి. భయపడకండి, ఫోన్‌ని అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ వస్తుంది. అది డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోండి. రేడియన్లలో ఉంటే జవాబు ఎక్కడికో పోతుంది. ఎక్సెల్‌లో చేసేవాళ్లకైతే అది రేడియన్లే అడుగుతుంది, కాబట్టి ముందు మార్చుకోవాలి.

షంషాబాద్ అక్షాంశం ఉత్తరం 17.24 డిగ్రీలు, రేఖాంశం తూర్పు 78.43. డల్లాస్ ఫోర్ట్‌వర్త్ అక్షాంశం ఉత్తరం 32.90, రేఖాంశం పడమర 97.04. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాలు రెండూ కూడాలి: 175.47. రెండూ ఒకే వైపు ఉంటే తీసివేయాలి. కూడితే 180 దాటిందనుకోండి, 360లోంచి దాన్ని తీసేయాలి.

ఇప్పుడు రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి: 0.2964 × 0.5432 = 0.161. దీన్ని పక్కన రాసుకోండి. తర్వాత రెండు అక్షాంశాల కాస్‌లు, రేఖాంశాల తేడా కాస్, మూడూ గుణించండి: 0.9551 × 0.8396 × (−0.9969) = −0.799. రెండూ కలిపితే −0.638. దీనికి కాస్ ఇన్‌వర్స్ నొక్కితే 129.7 డిగ్రీలు వస్తుంది. ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 14,420 కిలోమీటర్లు. అయిపోయింది.

మీరు చూసిన వెబ్‌సైట్‌లో 8,960 అనో 7,790 అనో ఉంటే కంగారు పడకండి. మొదటిది మైళ్లు, రెండోది నాటికల్ మైళ్లు. మైలుకి 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలుకి 1.852. విమానాల వాళ్లు నాటికల్ మైళ్లే వాడతారు, అమెరికాలో మనవాళ్లు మైళ్లలో మాట్లాడతారు, మనం కిలోమీటర్లలో. అంకె పక్కన ఏ కొలతో రాసి లేకపోతే ఆ అంకెని అసలు పట్టించుకోకండి.

నిజంగా ఎగిరే దూరం

14,420 కిలోమీటర్లు ఆగకుండా ఎగరగల విమానాలు ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైనే, రోజూ తిరుగుతోంది. హైదరాబాద్ నుంచి షికాగోకి ఎయిర్ ఇండియా 2021 జనవరిలో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది కూడా, 13,280 కిలోమీటర్ల దూరం అది. తర్వాత ఆగిపోయింది. డల్లాస్‌కైతే ఎక్కడో ఒకచోట మారక తప్పదు.

మీ టికెట్ ఏ ఊరి మీదుగా ఉందో చూసి, పైన చేసిన లెక్కే రెండు ముక్కలుగా చేయండి. దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డల్లాస్ 12,920, మొత్తం 15,470. దోహా మీదుగా 2,910 ప్లస్ 12,740, అంటే 15,650. లండన్ మీదుగా 7,750 ప్లస్ 7,630, అంటే 15,380. పటంలో చూస్తే దుబాయ్ ఎక్కడ, లండన్ ఎక్కడ అనిపిస్తుంది గానీ, మొత్తం దూరంలో తేడా వంద కిలోమీటర్లకు అటూఇటూ. విమానానికి అది ఏడెనిమిది నిమిషాల పని. అందుకే ఫలానా ఊరి మీదుగా అయితే దూరం తగ్గుతుందని టికెట్‌కి పదివేలు ఎక్కువ పెట్టకండి. తేడా వచ్చేది మధ్యలో ఆగే గంటల్లో. దాని సంగతి తర్వాత.

ఇంకొకటి. పైలట్ గ్లోబ్ మీద దారం పట్టుకుని పోడు. గగనతలం మూసేసిన దేశాలుంటే చుట్టు తిరగాలి. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు రష్యా మీదుగా వెళ్లడం లేదు. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని ఇండియన్ కంపెనీలకు మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నా లాంటి చోట ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసినా, దోహాలో మారాల్సినవాళ్ల ప్రయాణాలు తలకిందులయ్యాయి. కాబట్టి మీరు లెక్కేసిన దూరానికి ఎప్పుడూ కొంత కలిపే ఉంచుకోండి. అసలు ఏ దారిన పోతోందో చూడాలంటే విమానాల జాడ చూపించే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో మీ ఫ్లైట్ నంబర్ కొట్టండి. గడిచిన కొన్ని రోజుల్లో ఆ విమానం ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, అన్నీ వరసగా కనిపిస్తాయి. ఏ సైట్ చెప్పే సగటు కన్నా ఆ జాబితా నాకు ఎక్కువ నమ్మకం.

దూరాన్ని గంటల్లోకి మార్చడం

కిలోమీటర్లను 850తో భాగించి, వచ్చిన దానికి ఓ 40 నిమిషాలు కలపండి. ఈ ఒక్క సూత్రం చాలు.

పెద్ద జెట్ విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తులో గంటకు 850 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ 40 నిమిషాలు దేనికంటే, గేటు దగ్గర్నుంచి రన్‌వే దాకా పాకడానికి, లేచి ఆ ఎత్తు అందుకోవడానికి, దిగేముందు వరసలో తిరగడానికి, దిగాక మళ్లీ గేటు దాకా రావడానికి. టికెట్ మీద రాసే టైము గేటు నుంచి గేటు దాకా. చక్రాలు నేల వదిలిన దగ్గర్నుంచి లెక్క కాదు.

ఇంటి దగ్గరి ఉదాహరణతో సరిచూడండి. హైదరాబాద్–విశాఖ 510 కిలోమీటర్లు. 850తో భాగిస్తే 36 నిమిషాలు, 40 కలిపితే 76. టైంటేబుల్‌లోనూ గంటంబావు దరిదాపుల్లోనే ఉంటుంది. హైదరాబాద్–ఢిల్లీ 1,265 కిలోమీటర్లకు రెండు గంటల పది నిమిషాలు వస్తుంది. అదీ అంతే. దగ్గరి ఊళ్లకు విమానం ఎందుకు అంత లాభం అనిపించదో ఇక్కడే తెలుస్తుంది: విశాఖ ప్రయాణంలో సగానికి పైగా లేవడానికీ దిగడానికే పోతోంది.

ఇప్పుడు హైదరాబాద్–దుబాయ్: 2,550ని భాగిస్తే మూడు గంటలు, 40 నిమిషాలు కలపండి, 3:40. టైంటేబుల్ చూస్తే వెళ్లేటప్పుడు నాలుగు గంటల పైన, వచ్చేటప్పుడు మూడున్నర లోపు కనిపిస్తుంది. మన లెక్క మధ్యలో పడింది. దుబాయ్–డల్లాస్ సూత్రం ప్రకారం 15:50. వెళ్లేటప్పుడు పదహారు గంటలు దాటుతుంది, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర చుట్టుపక్కల.

ఈ తేడా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి బలమైన గాలులు వీస్తుంటాయి. వాటిని జెట్‌స్ట్రీమ్ అంటారు. చలికాలంలో వాటి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అమెరికా వెళ్లేటప్పుడు ఎదురుగాలి, తిరిగొచ్చేటప్పుడు తోడుగాలి. భూమి తిరుగుతోంది కాబట్టి అవతలి ఊరే ఎదురొస్తుందని కొందరు వాదిస్తారు. భూమితో పాటు గాలీ, అందులోని విమానమూ తిరుగుతున్నాయి, కాబట్టి ఆ వాదన నిలవదు. మీరు చేయాల్సిందల్లా ఒకటే: పడమరకి పోయే దూరప్రయాణమైతే సూత్రం చెప్పిన దానికి ఓ అరగంట కలపండి, తూర్పుకైతే గంట తీసేయండి.

అన్నిటినీ ఇండియా గడియారంలోకి మార్చండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. కాస్త నెమ్మదిగా చదవండి.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. హైదరాబాద్ టైము మన గడియారం, దుబాయ్ టైము దుబాయ్‌ది, డల్లాస్ టైము డల్లాస్‌ది. మూడు రకాల గడియారాల అంకెలు పక్కపక్కన పెట్టి తీసివేస్తే వచ్చేది తప్పే. ముందు అన్నిటినీ మన టైములోకి తేవాలి. మనది కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకుని పెట్టిన టైము, గ్రీనిచ్ కన్నా అయిదున్నర గంటలు ముందు.

దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. దోహా రెండున్నర గంటలు వెనక. అక్కడ ఏడాది పొడవునా ఇదే తేడా. డల్లాస్ మాత్రం మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా మనకన్నా పదిన్నర గంటలు వెనక, మిగతా నెలల్లో పదకొండున్నర గంటలు. అమెరికాలో ఎండాకాలం గడియారాన్ని ఒక గంట ముందుకి జరుపుతారు, అందుకే.

పదిన్నర గంటలు కూడటం చేత్తో చేస్తే తడబడతాం. ఒక చిట్కా ఉంది. డల్లాస్ టైములో పగలుని రాత్రి చేయండి, రాత్రిని పగలు చేయండి, అంటే ఏఎంని పీఎం చేయడం. ఎండాకాలమైతే అందులోంచి గంటన్నర తీసేయండి, చలికాలమైతే అరగంట. డల్లాస్‌లో సాయంత్రం 4:45 అంటే ఎండాకాలంలో మనకు తెల్లవారుజామున 3:15, చలికాలంలో 4:15. ఫోన్ చేసే వేళలకూ ఇదే లెక్క.

ఇక మొదట చెప్పిన టికెట్ తీసుకుందాం. ఇది వేసవిలో దుబాయ్ మీదుగా వెళ్లే ఒక నమూనా, మీ టికెట్‌లో అంకెలు వేరుగా ఉంటాయి. కాగితం మీద ఇలా రాయండి.

హైదరాబాద్‌లో బయల్దేరేది 4:30. ఇది మన టైమే.
దుబాయ్‌లో దిగేది అక్కడి 7:05. గంటన్నర కలిపితే మన 8:35. అంటే విమానంలో 4 గంటల 5 నిమిషాలు.
దుబాయ్‌లో మళ్లీ బయల్దేరేది అక్కడి 9:30, మన 11:00. అంటే దుబాయ్‌లో 2 గంటల 25 నిమిషాలు.
డల్లాస్‌లో దిగేది అక్కడి సాయంత్రం 4:45, మనకు మర్నాడు తెల్లవారుజామున 3:15. అంటే విమానంలో 16 గంటల 15 నిమిషాలు.

మూడూ కలిపితే 22 గంటల 45 నిమిషాలు. ఇంకోలా సరిచూసుకోండి: మన గడియారంలో 4:30 నుంచి మర్నాడు 3:15 దాకా ఎంతో చూస్తే అంతే రావాలి. రాకపోతే ఎక్కడో కలపాల్సింది తీసేశారు.

ఇందులోనే ఇంకో చిక్కు తారీఖుది. పన్నెండో తారీఖు తెల్లవారుజామున 4:30 ఫ్లైట్ అంటే ఇంట్లోంచి పదకొండో తారీఖు సాయంత్రమే బయల్దేరాలి. మనం మాటల్లో రాత్రి రెండు గంటల్ని కూడా ముందు రోజు లెక్కలోనే కలిపేస్తాం. ఎయిర్‌లైన్ కంప్యూటర్ అలా కలపదు. అర్ధరాత్రి 12 దాటిందంటే దానికి తారీఖు మారిపోయినట్టే. అందుకే తారీఖు పక్కన వారం కూడా రాయండి, పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు 'శుక్రవారం సాయంత్రం బయల్దేరుతున్నాం' అని చెప్పండి. ముహూర్తం, వర్జ్యం చూసుకునేవాళ్లకి కూడా కావాల్సింది ఇల్లు దాటే వేళే కదా. మంచి గడియ కుదరకపోతే పెట్టె ముందే పక్కింట్లో పెట్టించి తీరిగ్గా బయల్దేరే పద్ధతి మన పెద్దవాళ్లకు ఎప్పట్నుంచో ఉంది.

మధ్యలో ఆగే గంటలు

బుకింగ్ సైట్లో 21 గంటలూ కనిపిస్తుంది, 34 గంటలూ కనిపిస్తుంది. గాల్లో ఉండే సమయం రెంటిలోనూ ఇరవై గంటలే. మిగతాదంతా మధ్యలో కూర్చునే సమయం. టికెట్ కొనేముందు చూడాల్సిన అంకె ఇది.

ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లకి గంటన్నర గ్యాప్ అయినా ఫర్వాలేదు. అమ్మానాన్నలు మొదటిసారి వెళ్తుంటే మూడు గంటలకు తగ్గద్దని నా సలహా. దుబాయ్‌లో గేటు నుంచి గేటుకి నడక చాలా ఉంటుంది, మధ్యలో రైలెక్కాల్సి కూడా రావచ్చు, సెక్యూరిటీ చెక్ మళ్లీ ఉంటుంది. వీల్‌చెయిర్ అడగడానికి మొహమాటపడకండి. నడవగలిగినా, భాష రాక దారి తెలియక ఇబ్బంది పడేవాళ్లు చాలామంది అదే అడుగుతారు. టికెట్ కొన్నప్పుడే చెప్పి పెట్టాలి. వీల్‌చెయిర్ మనిషి వచ్చేదాకా ఆగాల్సిన పావుగంట, అరగంట కూడా గ్యాప్‌లో కలుపుకోండి.

ఇంకో ముఖ్యమైన తేడా. మారేది అమెరికా బయట అయితే పెట్టెలు డల్లాస్‌లోనే చేతికి వస్తాయి. మారేది షికాగో, న్యూయార్క్ లాంటి చోట అయితే ఇమిగ్రేషన్ అక్కడే, పెట్టెలు అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. దానికి రెండు గంటల గ్యాప్ చూపించే టికెట్ చవగ్గా ఉన్నా వదిలేయండి. అబూధాబీ మీదుగా షికాగో లాంటి ఊరికి వెళ్లేవాళ్లకి మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అబూధాబీలోనే అయిపోతుంది. అప్పుడు ఆ రెండు మూడు గంటలు అబూధాబీలోనే ఉంచుకోవాలి, అవతల లోకల్ విమానంలో దిగినట్టే బయటికి వచ్చేస్తారు.

రెండు టికెట్లు విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయినా ఎవరికీ బాధ్యత ఉండదు. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే పూచీ ఎయిర్‌లైన్‌దే. 'డైరెక్ట్' అన్న మాటనూ ఒకసారి తరచి చూడండి. ఒకే ఫ్లైట్ నంబర్‌తో మధ్యలో ఆగి వెళ్లేదాన్ని కూడా డైరెక్ట్ అనేస్తారు. ఎక్కడా ఆగనిది కావాలంటే నాన్‌స్టాప్ అని ఉండాలి.

ఇంటి నుంచి ఇంటికి

విజయవాడ నుంచి షంషాబాద్ దాదాపు 290 కిలోమీటర్లు, కారులో అయిదారు గంటలు. దుబాయ్ విమానం కన్నా ఈ రోడ్డు ప్రయాణమే పెద్దది! హైదరాబాద్ ఊళ్లోకి పోకుండా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నేరుగా షంషాబాద్‌లో దిగితే ట్రాఫిక్ బాధ తప్పుతుంది. సంక్రాంతి ముందూ వెనకా మాత్రం పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరుతాయి. ఆ రోజుల్లో ఇంకో రెండు గంటలు వేసుకోకపోతే కుదరదు.

లెక్క వెనక నుంచి చేయండి. విమానం 4:30కి. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు అంటే 1:30కి ఎయిర్‌పోర్టులో ఉండాలి. రోడ్డుకి ఆరు గంటలు, అంటే రాత్రి 7:30. దారిలో భోజనానికి, టైరు పంచరైతే మార్చుకోవడానికి ఇంకో గంట. సాయంత్రం 6:30కి కారు కదలాలి. విమానం ఎక్కేముందే పది గంటలు గడిచాయి.

డల్లాస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరస, పెట్టెలు, కస్టమ్స్ కలిపి గంటన్నర, రెండు గంటలు వేసుకోండి. పచ్చళ్లు, పొడులు తెస్తున్నట్టయితే తిండి పదార్థాలున్నాయని ముందే చెప్పేయడం మంచిది. చెప్పి చూపిస్తే అయిదు నిమిషాల్లో వదిలేసే సందర్భాలే ఎక్కువ, దాచి దొరికితే జరిమానా. అక్కణ్నుంచి ఫ్రిస్కోకి ముప్పావుగంట. మొత్తం రెండున్నర గంటలు అనుకుంటే, 10 ప్లస్ 22:45 ప్లస్ 2:30, అంటే 35 గంటల 15 నిమిషాలు.

ఈ అంకె ఊరికే తెలుసుకోవడానికి కాదు. షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లి 'అమెరికా వెళ్తున్నాం' అని మాత్రమే చెప్పి వచ్చేస్తారు. 'ఇంటి నుంచి ఇంటికి 35 గంటలు, అందులో ఇరవై గంటలు విమానంలో, అక్కడికి చేరేసరికి గడియారం పదిన్నర గంటలు వెనక్కి పోతుంది, మాత్రలు ఏ వేళకి వేసుకోవాలి' అని అడగండి. మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి, ఓ రెండు రోజులవి ఎక్కువే ఉండాలి.

తిరుగు ప్రయాణం లెక్క

వచ్చేటప్పుడు గంటలు తగ్గుతాయి, తారీఖులు పెరుగుతాయి. నమూనా చూడండి. డల్లాస్‌లో సోమవారం సాయంత్రం 7:30కి బయల్దేరారు. ఎండాకాలం చిట్కా ప్రకారం అది మనకు మంగళవారం ఉదయం 6:00. పద్నాలుగున్నర గంటల ప్రయాణం, మన టైము రాత్రి 8:30, దుబాయ్‌లో 7:00. అక్కడ 2 గంటల 50 నిమిషాలు ఆగి, దుబాయ్ టైము 9:50కి, అంటే మన 11:20కి ఎక్కితే, 3 గంటల 25 నిమిషాల్లో షంషాబాద్. బుధవారం తెల్లవారుజామున 2:45. మొత్తం 20 గంటల 45 నిమిషాలు, వెళ్లిన దానికన్నా రెండు గంటలు తక్కువ.

టికెట్ మీద దిగే టైము పక్కన ప్లస్ 2 అని చిన్నగా ఉంటుంది. సోమవారం బయల్దేరితే బుధవారం దిగుతారని దానర్థం. ఎదురు రావాల్సినవాళ్లకి ఫోన్‌లో 'బుధవారం వస్తున్నాం' అని మాత్రం చెప్పకండి, వాళ్లు బుధవారం పొద్దున లేచి బయల్దేరతారు. విజయవాడ నుంచి కారు మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి కదిలితే, మీరు ఇమిగ్రేషన్ ముగించుకుని పెట్టెలతో బయటికి వచ్చే మూడున్నర వేళకి అక్కడ ఉంటుంది.